డాకింగ్ స్కోరు చూసి షుగర్ గోలీలు ఆపేసిన మా నాయిన: కంప్యూటర్ మీద చేసేది పరిశోధనేనా?

బత్తాయితోట (మునుగోడు)

అందరికీ నమస్కారం. గొడవ మా ఇంట్లో మొదలైంది, మీరే తేల్చాలి. మా చెల్లె ఎం.ఫార్మసీ చదువుతోంది. ప్రాజెక్టు కోసం తిప్పతీగలో ఉండే కొన్ని అణువులను డీపీపీ-4 అనే ఎంజైమ్‌కు కంప్యూటర్‌లో అతికించి చూసింది. దాన్ని డాకింగ్ అంటారట. ఆ ఎంజైమ్‌ను అడ్డుకుని షుగర్ తగ్గించే సిటాగ్లిప్టిన్ అనే మందుకు మైనస్ 8.1 స్కోరు వస్తే, తిప్పతీగలో ఒకదానికి మైనస్ 9.4 వచ్చింది. మైనస్ ఎంత పెరిగితే అంత గట్టిగా అతుక్కున్నట్టు లెక్క. పేపరు ఒక జర్నల్‌లో అచ్చయింది. కాలేజీవాళ్లు శాలువా కప్పి ఫొటో తీశారు. ఆ ఫొటో రెండు వాట్సాప్ గ్రూపులు దాటేసరికి "షుగర్‌కు మందు కనిపెట్టిన మన జిల్లా బిడ్డ" అయి కూర్చుంది.

నాయిన అది చదివి రోజూ వేసుకునే షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ ఆపేశాడు. పెరట్లో వేపచెట్టుకు పాకిన తీగ కోసి, పొద్దున్నే దంచి కషాయం తాగుతున్నాడు. పదిహేను రోజులు ఎవరికీ తెలియదు. గోలీల డబ్బా తగ్గకపోవడం చూసి అమ్మ పట్టుకుంది. పరగడుపున చూపిస్తే 268. "నా బిడ్డ కనిపెట్టిన మందు నేను తాగకపోతే ఎవరు తాగుతరు?" అంటాడు. చెల్లె గదిలోంచి బయటికి రావడం లేదు.

ల్యాప్‌టాప్ మీద మొదలై ల్యాప్‌టాప్ మీదే ముగిసే ఈ పనిని పరిశోధన అనొచ్చా? కాలేజీలు ఇలాంటి ప్రాజెక్టులు ఆపాలని నేనంటున్నా. చెల్లె ఒప్పుకోదు.

పిల్లలమర్రి నీడ (పాలమూరు)

చర్చ తర్వాత అన్నా, ముందు నాయినను డాక్టర్ దగ్గరికి తీసుకుపో. 268 అంటే ఆషామాషీ కాదు.

ఇక నీ ప్రశ్నకు: అనకూడదు. కరోనా టైంలో చూశాం కదా, లాక్‌డౌన్‌లో ల్యాబులన్నీ మూసేస్తే ఎక్కడ చూసినా డాకింగ్ పేపర్లే. తులసి అతుక్కుంది, అల్లం అతుక్కుంది, మిరియాలు అతుక్కున్నాయి. అందులో ఎన్ని మందులయ్యాయి? మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద మాత్రం కంప్యూటర్ బొమ్మలకు కొదవ లేదు. 2020 జూన్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్‌లో రోగులకిచ్చి చూస్తే ఆసుపత్రిలో చేరినవాళ్లకు దానివల్ల లాభం లేదని తేలింది.

మగ్గం గుంత (పుట్టపాక)

నాకు కెమిస్ట్రీ రాదు, మగ్గం వచ్చు. మా దగ్గర డిజైన్ ముందు గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టి గీస్తారు. అది తప్పితే చీర తప్పుతుంది, కాబట్టి గ్రాఫు పనే కాదనను. కానీ నూలుకు చిటికి కట్టాలి (రంగు అంటకూడని చోట దారం బిగించాలి), రంగులో ముంచాలి, విప్పాలి, మళ్లీ కట్టాలి. మగ్గమెక్కాక పోగు అరంగుళం జరిగినా పువ్వు చెదిరిపోతుంది. గ్రాఫు కాగితం భుజాన వేసుకుని పెళ్లికి పోతే నవ్వరా? మీ నాయిన చేసింది అదే. కోపం రావద్దు.

రూమ్ నంబర్ 14 (నల్లగొండ)

నేను పీహెచ్‌డీ చేస్తున్నా, నాదీ డాకింగే. ఇక్కడ అందరూ ఎగతాళి చేస్తున్నారు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా.

కణాలు పెంచే ల్యాబ్ మాకు లేదు. ఎలుకల గది లేదు. ఎంజైమ్ కిట్టు ఒక్కటి తెప్పించాలంటే నాకు వచ్చే ఫెలోషిప్‌లో రెండు నెలలది పోతుంది, అది కూడా ఫెలోషిప్ టైంకు పడితే. అదే డాకింగ్ చేసే సాఫ్ట్‌వేర్ ఆటోడాక్ వైనా ఉచితం. ప్రొటీన్ల ఆకారాలు దాచిన ప్రొటీన్ డేటా బ్యాంక్ 1971 నుంచి ఉంది, ఎవరైనా దించుకోవచ్చు. ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ వచ్చాక 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాల అంచనాలు ఊరికే దొరుకుతున్నాయి. దానికే 2024లో హసాబిస్, జంపర్‌లకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. 2013 నోబెల్ కూడా కంప్యూటర్‌లో రసాయన చర్యలను లెక్కగట్టిన ముగ్గురికే. పేదింటి పిల్లకు ఈ సైన్స్‌లోకి ఉన్న ఒక్క దర్వాజా ఇదే. దాన్నీ మూసేస్తారా?

పైగా ఇది ఉత్త బొమ్మలాట కాదు. 2019లో నేచర్‌లో ఒక పని వచ్చింది. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని అందుకునే ఒక ప్రొటీన్‌కు (గ్రాహకం అంటారు) 13.8 కోట్ల అణువులను కంప్యూటర్‌లో అతికించి చూశారు. చాలా తక్కువ మోతాదులోనే పనిచేసే అణువు దొరికింది. 2020లో ఎంఐటీ వాళ్లు కంప్యూటర్‌కు బ్యాక్టీరియాను చంపే అణువుల పోలికలు నేర్పించి, ఎప్పుడో షుగర్ కోసం చూసి పక్కన పడేసిన ఒక అణువును యాంటీబయాటిక్‌గా పట్టుకున్నారు. పేరు హాలిసిన్. అదే ఏడు ఫిబ్రవరిలో కీళ్లవాతానికి వాడే బారిసిటినిబ్ కరోనాకు పనికొస్తుందని ఏఐతో చెప్పింది కూడా కంప్యూటర్ వాళ్లే. ట్రయల్స్ అయ్యాక 2022లో అమెరికాలో దానికి పూర్తి అనుమతి వచ్చింది.

గ్లాస్‌వేర్ (జడ్చర్ల)

తమ్ముడూ, నువ్వు చెప్పిన మూడూ నిజమే. మూడింట్లోనూ ఒక్కో ముక్క వదిలేశావు. ఆ 2019 పనిలో 13.8 కోట్లు చూశాక 549 అణువులను ఫ్లాస్కులో నిజంగా తయారుచేసి పరీక్షించారు. హాలిసిన్‌ను ఎలుకలకిచ్చి చూశారు. బారిసిటినిబ్‌ను రోగులకిచ్చి చూశారు. గొప్పతనం ఆ రెండో సగంలో ఉంది.

నేను మందుల కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా అణువులు తయారుచేసే పనిలో ఉన్నా. మాకు కంప్యూటర్ టీమ్ ఉంది, వాళ్లు లేకపోతే మాకు చేతులు విరిగినట్టే. కానీ వాళ్లు 50 ఇస్తే నలభై ఐదు చెత్తబుట్టకే పోతాయని వాళ్లకూ తెలుసు, మాకూ తెలుసు. ఎవరూ శాలువా కప్పరు.

ఇప్పుడు ఆ చెల్లె స్కోరు చూద్దాం. 9.4కూ 8.1కీ తేడా 1.3, ఈ స్కోరును కిలోకేలరీల్లో కొలుస్తారు. ఒంటి వేడి దగ్గర సుమారు 1.4 కిలోకేలరీల తేడా వస్తే అతుక్కునే బలం పది రెట్లు మారుతుంది. అంటే కాగితం మీద తిప్పతీగ అణువు సిటాగ్లిప్టిన్ కన్నా ఎనిమిది, తొమ్మిది రెట్లు గట్టిది. బాగానే ఉంది. కానీ వైనా తయారుచేసినవాళ్లే 2010లో తమ లెక్క ఎంత తప్పుతుందో రాసుకున్నారు: దాదాపు 2.8 కిలోకేలరీలు. అంటే వంద రెట్లు అటో ఇటో. కిలో రాయి అటూ ఇటూ ఊగే త్రాసు మీద అరకిలో తేడా చూసి సంబరపడినట్టు.

ఇంకోటి. ఈ స్కోరు పెద్ద అణువుల వైపు మొగ్గుతుంది. అణువు పెద్దదైతే ప్రొటీన్‌ను నాలుగు చోట్ల తాకుతుంది, మార్కులు పడతాయి. తిప్పతీగలో చక్కెర తోకలున్న గ్లైకోసైడ్లు చాలా ఉన్నాయి. చెల్లెకు 9.4 వచ్చింది అలాంటిదానికేమో చూసుకోమనండి. అవి పేగులోంచి రక్తంలోకి సరిగ్గా దిగవు. ఆ తీగలోనే ఉందని చెప్పే బెర్బరిన్ అనే పదార్థం సంగతీ అంతే, తాగినదాంట్లో నెత్తుటికి చేరేది చాలా తక్కువ. డాకింగ్‌లో అసలు పొట్టే లేదు, కాలేయమూ లేదు. మామూలుగా చేసే పద్ధతిలో ప్రొటీన్ చుట్టూ నీళ్లను కూడా తీసేస్తారు. ప్రొటీన్ రాయిలా కదలకుండా కూర్చుంటుంది. నిజంలో అది బతికున్న చేపలా అల్లాడుతుంటుంది.

పసుపు సంగతి చెప్పి ఆపుతా. కర్కుమిన్ ఏ ప్రొటీన్‌కు పెట్టినా అతుక్కుంటుంది, ల్యాబ్ పరీక్షల్లో కూడా పనిచేసినట్టే కనిపిస్తుంది. పరీక్షనే మోసం చేసే గుణం దానికుంది. 2017లో మెడిసినల్ కెమిస్టులు కొందరు కూర్చుని ఆ పేపర్లన్నీ తిరగేసి కడిగేశారు. కాబట్టి ల్యాబ్‌లో చేశామన్నా నేను వెంటనే నమ్మను. కూరలో పసుపు మాత్రం వేసుకుంటా.

వనమూలిక (దేవరకొండ)

మీ కంప్యూటర్ పుట్టకముందే తిప్పతీగ ఉంది. మా తాత జ్వరానికి, షుగర్‌కు అదే ఇచ్చేవాడు. మీ మెట్‌ఫార్మిన్ మాత్రం ఎక్కడిది? గాలెగా అనే మొక్కలోని పదార్థం ఆనవాలు పట్టుకునే కదా తయారుచేశారు. మలేరియాకు ఆర్టెమిసినిన్‌ను చైనా ఆవిడ పాత వైద్య గ్రంథం చూసి తీసింది, 2015లో నోబెల్ ఇచ్చారు. మా వైద్యానికి డాకింగ్ సర్టిఫికెట్ అవసరం లేదు.

గ్లాస్‌వేర్ (జడ్చర్ల)

పెద్దాయనా, మొక్కల మీద నాకు కోపం లేదు. గాలెగా తిన్న గొర్రెలు చచ్చిపోయేవి. ఆ విషం తగ్గించిన అణువును 1922లోనే ఫ్లాస్కులో తయారుచేశారు, 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ మనుషులకిచ్చి చూపించాడు. మెట్‌ఫార్మిన్ ఒంట్లో ఎక్కడ పట్టుకుని పనిచేస్తుందన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. అంటే డాకింగ్ బొమ్మ లేకున్నా మందు మందే, మనుషుల్లో పనిచేసింది కాబట్టి.

తిప్పతీగ విషయంలో ఇంకో మాట చెప్పక తప్పదు. 2021లో ముంబై డాక్టర్లు అది వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని రాశారు. మరుసటి ఏడు దేశంలో 13 చోట్ల 43 మంది కేసులు పోగుచేశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వాళ్లు తాగింది అసలు తిప్పతీగ కాదు, దాని అక్కచెల్లెలు టినోస్పోరా క్రిస్పా అయ్యుండొచ్చు అంది. ఎవరిది నిజమైనా, పెరట్లో ఉన్నది ఏ తీగో నాయినకు తెలుసా?

పానగల్లు చెరువు (నల్లగొండ)

చిన్న డౌటు. సిటాగ్లిప్టిన్‌లో ఫ్లోరిన్ ఉందని నెట్‌లో చూశా. మా అమ్మ అదే వేసుకుంటది. మన జిల్లాలో ఫ్లోరిన్ పేరు వింటేనే నడుం వంగుతుంది కదా సార్, టెన్షన్‌గా ఉంది.

గ్లాస్‌వేర్ (జడ్చర్ల)

ఉంది, ఒకటి కాదు ఆరు. భయపడొద్దు. బోరు నీళ్లలో ఉండేది విడి ఫ్లోరైడ్, అది ఎముకలో కూర్చుంటుంది. గోలీలో ఫ్లోరిన్ కార్బన్‌ను పట్టుకుని ఉంటుంది, కెమిస్ట్రీలో అంత గట్టి పట్టు ఇంకోటి అరుదు. ఊడి రాదు. అమ్మను గోలీ ఆపనివ్వకండి, ఒక ఇంట్లో జరిగింది చాలు.

రిటైర్డ్ కెమిస్ట్రీ (మిర్యాలగూడ)

ఫ్లోరైడ్ మాట వచ్చింది కాబట్టి ముసలివాడి ముచ్చట ఒకటి. నల్లగొండ టెక్నిక్ అని ప్రపంచమంతా పుస్తకాల్లో చదువుతారు. 1970లలో నాగ్‌పూర్ నీరీ సంస్థ వాళ్లు తయారుచేశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, మడ్డి దిగాక పైతేట వంచుకోవడం. నేను క్లాసులో బకెట్ పెట్టి చేసి చూపించేవాణ్ని, పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. ఊళ్లలో నిలిచిందా? ప్రతి బోరుకూ క్షారగుణం వేరు, పటిక మోతాదు వేరు. ఎక్కువైతే నీళ్లు వగరు, తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఆ మడ్డి ఎక్కడ పారబోయాలో తెలియదు. చివరికి కృష్ణ నీళ్లు పైపుల్లో వస్తే గానీ ఊళ్లు ఊపిరి పీల్చుకోలేదు. బకెట్‌లో గెలిచినదే ఇంటి గడప దాటడానికి ఇంత కష్టపడితే, తెర మీద గెలిచినది ఎంత దూరం నడవాలి?

అయినా ప్రాజెక్టులు ఆపాలన్న మాటతో నేను ఏకీభవించను. నాకు అడగాలనుంది: ఆ అమ్మాయి సిటాగ్లిప్టిన్‌ను అసలు చోటు నుంచి తీసి మళ్లీ డాక్ చేసి చూసిందా? రెండు ఆంగ్‌స్ట్రామ్‌ల (అణువుల దూరాలు కొలిచే కొలత) లోపు పాత చోటికే వచ్చిందా? పద్ధతిని నమ్మొచ్చో లేదో ముందు దానితోనే చూస్తారు.

బత్తాయితోట (మునుగోడు)

అన్న ఐడీ నుంచి నేనే రాస్తున్నా సార్, చెల్లెను. చేశాను, 1.3 ఆంగ్‌స్ట్రామ్‌ల తేడాతో పాత చోటికే వచ్చింది. గ్లాస్‌వేర్ అన్న చెప్పింది నిజమే, 9.4 వచ్చింది గ్లైకోసైడ్‌కే. నా చివరి పేరాలో "ఇది కంప్యూటర్ అంచనా మాత్రమే, ల్యాబ్‌లో పరీక్షించనిదే వాడరాదు" అని రాశాను. పేపరు పొడుగైందని ఆ వాక్యం తీసేయించారు. నేను గట్టిగా అడగలేదు. శాలువా కప్పినప్పుడు కూడా నోరు తెరవలేదు, నాయిన ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. అన్న అందరి ముందు నన్ను పెట్టాడని కోపమొచ్చింది, కానీ నాయిన సంగతికి నాదే తప్పు. నిన్న డాక్టర్ దగ్గరికి పోయొచ్చాం, గోలీలు మొదలుపెట్టాడు. కాలేయం పరీక్షకు కూడా రక్తం ఇచ్చాడు.

రూమ్ నంబర్ 14 (నల్లగొండ)

ఆ వాక్యం నా పేపర్లో కూడా లేదు. రాయాలని తోచనే లేదు, అది ఇంకా అన్యాయం.

రిటైర్డ్ కెమిస్ట్రీ (మిర్యాలగూడ)

అమ్మా, డీపీపీ-4 కిట్టు కొనే స్తోమత నాకూ లేదు. కానీ పిండిని చక్కెరగా మార్చే అమైలేజ్ పరీక్ష మామూలు డిగ్రీ ల్యాబ్‌లో అవుతుంది. గంజి నీళ్లలో అయోడిన్ చుక్క వేస్తే నీలం. అమైలేజ్ పిండిని తినేస్తే నీలం పోతుంది, నీ కషాయం దాన్ని ఆపితే నీలం నిలుస్తుంది. పోల్చడానికి అమైలేజ్‌ను ఆపే షుగర్ మందు అకార్బోస్ గోలీ పక్కన పెడతాం. ఎంజైమ్ లేని ట్యూబు ఒకటి తప్పకుండా ఉండాలి, కషాయమే అయోడిన్‌ను మింగేస్తే మోసపోతాం. నీ 9.4కు ఇది జవాబు కాదు, ఎంజైమే వేరు. కానీ చేయి తడుస్తుంది. నేను పనిచేసిన కాలేజీలో శనివారం ల్యాబ్ ఖాళీ, అడిగి పెట్టాను.

బత్తాయితోట (మునుగోడు)

అన్న బండి మీద తీసుకొస్తానన్నాడు సార్. పిండి తేవాలా?

రిటైర్డ్ కెమిస్ట్రీ (మిర్యాలగూడ)

పిండి ఉంది. తీగ తీసుకురా, కాండం ఒక్కటే కాదు, ఆకులూ పూతా ఉంటే అవి కూడా. ముందు బాటనీ మేడమ్ అది ఏ తీగో చూడాలి.