ట్రైనింగ్ రూమ్‌కి షేర్డ్ మెయిల్‌బాక్స్ పెట్టాలా, రూమ్ మెయిల్‌బాక్సా?

కొత్త_అడ్మిన్:
మెయిల్‌కి మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్చేంజ్ ఆన్‌లైన్ వాడుతున్నాం. ట్రైనింగ్ రూమ్‌కి ఒక మెయిల్ ఐడీ కావాలని హెచ్‌ఆర్ వాళ్లు అడిగారు. ఎవరైనా ఇన్వైట్ పంపితే, రూమ్ ఖాళీగా ఉంటే దానంతట అదే బుక్ అయిపోవాలట, మళ్లీ అదే ఐడీకి "వచ్చే బ్యాచ్‌లో సీటు ఉందా", "ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలా" అని వచ్చే మెయిల్స్‌కి హెచ్‌ఆర్‌లో ఎవరో ఒకరు జవాబివ్వాలట. షేర్డ్‌కి (నలుగురు కలిసి చూసే మెయిల్‌బాక్స్) లైసెన్స్ అక్కర్లేదంటారు, రూమ్‌కీ (గది బుకింగ్ కోసం ఉండేది) అక్కర్లేదంటారు, మరి ఏది పెట్టాలి? టెస్ట్ కోసం రూమ్ టైప్‌లో ఒకటి చేసి చూశా. బుకింగ్ చక్కగా అవుతోంది, కానీ మామూలు మెయిల్ పంపితే ఇన్‌బాక్స్‌లో ఉండట్లేదు. బౌన్సూ రాదు, మెసేజ్ ట్రేస్‌లో (మెయిల్ ఎటు వెళ్లిందో చూపే రిపోర్ట్) చూస్తే డెలివర్డ్ అనే ఉంది.

పాత_సర్వర్:
మెయిల్ ఎక్కడికీ పోలేదండీ, మీ మెయిల్‌బాక్సే తీసేసింది. ఆటోయాక్సెప్ట్‌లో (ఇన్వైట్లకి దానంతట అదే జవాబిచ్చే పద్ధతి) ఉన్న రూమ్, ఎక్విప్‌మెంట్ మెయిల్‌బాక్సులకి డిలీట్‌నాన్‌క్యాలెండర్‌ఐటమ్స్ అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ట్రూలో ఉంటుంది, అంటే మీటింగ్‌కి సంబంధం లేనిది ఏది వచ్చినా తొలగించేస్తుంది. సెట్-క్యాలెండర్‌ప్రాసెసింగ్ అనే పవర్‌షెల్ కమాండ్‌తో దాన్ని ఫాల్స్ చేస్తే మెయిల్స్ నిలబడతాయి. పనిలో పనిగా ఇంకోటి కూడా చూడండి, క్యాలెండర్‌లో మీటింగ్ సబ్జెక్టుకి బదులు బుక్ చేసినవాళ్ల పేరే కనిపిస్తుంది, ఎందుకంటే డిలీట్‌సబ్జెక్ట్, యాడ్‌ఆర్గనైజర్‌టుసబ్జెక్ట్ రెండూ ట్రూలోనే వస్తాయి. ఏ బ్యాచ్ ఎప్పుడో తెలియాలని హెచ్‌ఆర్ వాళ్లు అడిగితే వాటినీ మార్చాలి. కానీ అదే రూమ్‌లో ఎవరి అప్రైజలో పెట్టుకుంటే ఆ సబ్జెక్టు కూడా క్యాలెండర్ చూసే హక్కున్న వాళ్లందరికీ కనిపిస్తుంది, ముందే అడిగి పెట్టుకోండి.

మెయిల్_మేస్త్రి:
పై సెట్టింగ్ పని చేస్తుంది, కాదనను, కానీ నేనైతే రెండు ఐడీలు పెడతాను. వచ్చినదానికి జవాబిచ్చేది క్యాలెండర్ అయితే రూమ్, మనిషి అయితే షేర్డ్, నేను చూసేది అంతే. ఒకే డబ్బాలో రెండూ కలిపితే ఇన్వైట్లు, క్యాన్సిలేషన్లు, సీటు అడిగిన మెయిల్స్ అన్నీ కలగాపులగం అయి, రేపు ఎవరికి జవాబిచ్చారో ఎవరికి ఇవ్వలేదో హెచ్‌ఆర్ వాళ్లకే అర్థం కాదు. షేర్డ్ పెట్టినప్పుడు ఫుల్ యాక్సెస్ ఇచ్చి వదిలేయకండి, అది తెరిచి చదవడానికే. ఆ ఐడీ పేరుతో పంపాలంటే సెండ్ యాజ్ అనే హక్కు విడిగా ఇవ్వాలి. పంపినవి కూడా డిఫాల్ట్‌గా పంపినవాళ్ల సొంత సెంట్ ఐటమ్స్‌లోకే పోతాయి, పక్క సీటావిడకి తెలియక అదే మెయిల్‌కి మళ్లీ జవాబిస్తుంది. సెట్-మెయిల్‌బాక్స్ కమాండ్‌తో మెసేజ్‌కాపీఫర్‌సెంట్‌యాజ్‌ఎనేబుల్డ్ ట్రూ చేస్తే కాపీ షేర్డ్‌లోనూ పడుతుంది. ఆ అకౌంట్‌కి సైన్-ఇన్ బ్లాక్ చేయడం మరచిపోవద్దు. లైసెన్స్ లేకుండా 50 జీబీ దాకా నడుస్తుంది, మీ వాడకానికి చాలా ఎక్కువ.

కొత్త_అడ్మిన్:
అర్థమైందండీ, థాంక్స్. కానీ రెండు ఐడీలంటే జనం ప్రశ్నలు కూడా రూమ్‌కే పంపేస్తారు కదా? వాళ్లకి గుర్తుండేది ఒక్కటే. దాని టెన్షనే హెచ్‌ఆర్ వాళ్లది కూడా.

మెయిల్_మేస్త్రి:
రూమ్‌కి మెయిల్‌టిప్ పెట్టండి. అడ్రస్ టైప్ చేయగానే పైన "ఇది బుకింగ్‌కి మాత్రమే, ప్రశ్నలకి ఫలానా ఐడీ" అని కనిపిస్తుంది. 175 అక్షరాలే పడతాయి, కథ రాయకండి. బుకింగ్ ఓకే అయినప్పుడు వెళ్లే రిప్లైలో కూడా యాడ్‌అడిషనల్‌రెస్పాన్స్, అడిషనల్‌రెస్పాన్స్ అనే రెండు సెట్టింగులతో అదే మాట వేయొచ్చు.

శనివారం_షిఫ్ట్:
చిన్న ఆఫీసైతే ఒక్క రూమ్ మెయిల్‌బాక్స్‌తో కానిచ్చేయొచ్చు, దానికి కూడా ఫుల్ యాక్సెస్, సెండ్ యాజ్ ఇవ్వొచ్చు. రోజుకి ఒకటో రెండో ప్రశ్నలు వచ్చేచోట ఇంకో మెయిల్‌బాక్స్ ఎందుకు? షేర్డ్ ఒక్కదాన్ని పెట్టి బుకింగ్ కూడా దాంతోనే అంటే మాత్రం సరిపోదు. ఆటోయాక్సెప్ట్ ఉద్దేశించింది రిసోర్స్ మెయిల్‌బాక్సుల (రూమ్, ఎక్విప్‌మెంట్) కోసం, పైగా ఔట్‌లుక్ రూమ్ ఫైండర్‌లో (గదులు వెతికే చోట) షేర్డ్ కనపడదు. ముందు ఒకటి పెట్టి తర్వాత మనసు మార్చుకున్నా ఫర్వాలేదు, సెట్-మెయిల్‌బాక్స్‌లో టైప్ మారిస్తే చాలు, లోపలి మెయిల్స్ అలాగే ఉంటాయి.

ఇది ట్రైనింగ్ రూమ్ కాబట్టి ఇంకో సంగతి. ఎన్ని రోజుల ముందు దాకా బుక్ చేయొచ్చో చెప్పే బుకింగ్‌విండోఇన్‌డేస్ డిఫాల్ట్ 180 రోజులు. హెచ్‌ఆర్ వాళ్లు ఏడాది క్యాలెండర్ ఒకేసారి వేస్తే, ఆపైన ఉన్నవి డిక్లైన్ అవుతాయి, ప్రతి వారం వచ్చే సిరీస్ ఆ గడువు దాటితే మొత్తం సిరీసే డిక్లైన్ అవుతుంది. ఒక మీటింగ్ ఎంతసేపు ఉండొచ్చో చెప్పే మ్యాగ్జిమమ్‌డ్యూరేషన్‌ఇన్‌మినిట్స్ కూడా 1440 నిమిషాలు, అంటే ఒక్క రోజు. మూడు రోజుల ట్రైనింగ్‌ని ఒకే మీటింగ్‌గా పంపితే రూమ్ ఖాళీగా ఉన్నా ఒప్పుకోదు. ఈ రెండూ పెంచాకే ఐడీ హెచ్‌ఆర్ చేతికివ్వండి.