ఒకటి, రెండు తరగతులకు ఆన్‌లైన్‌లో ఏం వాడుతున్నారు?

ఆదోని టీచర్: రెండు తరగతులూ నేనొక్కదాన్నే చూస్తున్నా. పిల్లలు ఒత్తుల దగ్గర ఆగిపోతున్నారు, ‘పువ్వు’ను ‘పువు’ అనే చదువుతారు. బడిలో నెట్ అంతంతమాత్రం, ఉన్నది నా ఫోనొక్కటే. ఏం వాడితే బాగుంటుంది?

ప్రొద్దుటూరు సార్: స్టోరీవీవర్ అని పిల్లల కథల వెబ్‌సైట్ ఉంది, చూడండి మేడమ్. ప్రథమ్ బుక్స్ వాళ్లది, 2015 నుంచి ఉంది, ఉచితం. తెలుగు కథలు లెవెళ్ల వారీగా ఉంటాయి, మీకు మొదటి లెవెల్ చాలు. ఇంట్లో డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసిస్తే బడిలో నెట్ గోలే ఉండదు, నేనైతే ఒత్తున్న పదాలకు పిల్లలతోనే ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టిస్తా.

అనంతపురం నుంచి: ప్రభుత్వ పాఠాల యాప్ దీక్ష కూడా చూడండి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలు వస్తాయి. కొన్ని మరీ సాగదీసుంటాయి, ముందు రోజే చూసుకోండి.

ఆదోని టీచర్: ప్రింట్ ఐడియా బాగుంది సార్. జిరాక్స్ ఖర్చు మాత్రం నాదే!