పాడ్‌కాస్టులు వింటే మ్యాజిక్ బాగుపడుతుందా? ఏవి వినాలి?

కొత్తకట్ట
రోజూ ప్రయాణంలో గంటన్నర పోతోంది. ఆ టైములో చేతులకు, కళ్లకు తీరిక ఉండదు, చెవులు మాత్రం ఖాళీ. మెజీషియన్ల కోసం వచ్చే పాడ్‌కాస్టుల్లో ఏవి వినదగ్గవి? ఇంగ్లీషువైనా ఫరవాలేదు. వృత్తిగా చేసేవాళ్లకూ సరదాగా చేసేవాళ్లకూ ఒకటే పనికొస్తుందా, వేరువేరా? పేకలో డబుల్ లిఫ్ట్ (రెండు ముక్కలను ఒకటే అన్నట్టు ఎత్తి చూపడం), ఒకటి రెండు ఫోర్సులు (మనకు కావలసిన ముక్కనే ఎదుటివాడు తీసేలా చేయడం) ఒక మోస్తరుగా వచ్చు. మాటలే రావడం లేదు.

ఇస్పేటురాణి
మాటలు రావట్లేదంటే మీకు చెవి పనే కావాలి, సరైన దారిలోనే ఉన్నారు.

మొదట డిస్కోర్స్ ఇన్ మ్యాజిక్. మెజీషియన్లతో పొడుగాటి ఇంటర్వ్యూలు. ట్రిక్కు ఎలా చేస్తారన్నది పక్కనపెట్టి, ఆ ట్రిక్కును యాక్టులో మొదట ఎందుకు పెట్టారు, ఏ వాక్యం తీసేశాక నవ్వు వచ్చింది, అలాంటివి రాబడతారు. స్కాట్ వెల్స్ నడిపే ద మ్యాజిక్ వర్డ్‌లో కన్వెన్షన్ల విశేషాలు, పాతతరం వాళ్లతో సంభాషణలు ఉంటాయి. చరిత్ర ఇష్టమైతే అది. కేలా డ్రెషర్ చేసిన షెజామ్ ఆడవాళ్లకు మ్యాజిక్ రంగంలో ఎదురయ్యే సంగతుల మీద. మగవాళ్లు తప్పక వినాలంటాను. ప్రేక్షకుల్లోంచి ఒకామెను స్టేజీ మీదికి పిలిచి ఆమె మీద జోకులేసే పాత అలవాటు ఎందుకు మానాలో అర్థమవుతుంది. పెన్ అండ్ టెల్లర్ జంటలోని మెజీషియన్ పెన్ జిలెట్ పేరు చూసి పెన్స్ సండే స్కూల్ మొదలుపెడితే మాత్రం అందులో మ్యాజిక్ తక్కువ, లోకాభిరామాయణం ఎక్కువ. బాగుంటుంది, అయితే మీ ప్రశ్నకు జవాబు కాదు.

ఇంటి దగ్గర సాధన చేసుకుంటూ కూడా వినొచ్చు.

కుడిచేయి
చివరి వాక్యం వెనక్కి తీసుకోండి రాణి గారూ. కొత్తవాళ్లను పాడుచేసే సలహా అది.

కనికట్టు అన్న మాటలోనే కన్ను ఉంది. డబుల్ లిఫ్ట్ సంగతే చూడండి. ఎడమచేతి చిటికెన వేలి కండ కట్ట కుడివైపు లోపలి మూలలో పైరెండు ముక్కల కింద సందు పట్టాలి. ఆ సందు వెంట్రుకవాసి ఉండాలి. వేలు లోపలికి దూరితే సందు వెడల్పయి కుడిపక్కన కూర్చున్నవాళ్లకు కనిపించిపోతుంది. తిప్పేటప్పుడు బొటనవేలు ఒత్తిడి ఎక్కువైతే కింది ముక్క అరమిల్లీమీటరు జరిగి రెండో అంచు బయటపడుతుంది. ఇవన్నీ చెవితో ఎలా నేర్చుకుంటారు? అద్దం కావాలి, కెమెరా కావాలి.

పావురం
పేక తప్ప ఇంకే మ్యాజిక్కూ లేనట్టు మాట్లాడుకుంటున్నారు అందరూ.

ఇస్పేటురాణి
డబుల్ లిఫ్ట్‌ను చెవితో నేర్చుకోమని నేను ఎక్కడన్నాను? వచ్చినదాన్ని ప్రేక్షకుల ముందు ఎలా నిలబెట్టాలో చెవితో తెలుస్తుంది అన్నాను. కొత్తవాళ్ల డబుల్ లిఫ్ట్ నూటికి తొంభైసార్లు పట్టుబడేది అంచు వల్ల కాదు. సందు తీసుకునే క్షణంలో మాట ఆగిపోతుంది, చూపు చేతుల మీద పడుతుంది. మాట ఎక్కడ ఆగిందో అక్కడే ఏదో జరిగిందని ఎదుటివాడి మనసుకు తెలిసిపోతుంది. పరిష్కారం చిన్నది. "మీ ముక్క ఎక్కడుందో మీకు తెలుసా?" అని అడిగి, ముఖంలోకి చూసి, జవాబు కోసం వాళ్ల కళ్లు పైకి లేచినప్పుడు సందు తీసుకోవాలి. ఈ లయ మంచి మాటకారి మాటల్లో వినపడుతుంది.

కనికట్టులో కన్ను ఉందన్నారు కాబట్టి, 1949లో బీబీసీ రేడియోలో సిడ్నీ, లెస్లీ పిడింగ్టన్ దంపతులు మనసు చదివే ప్రదర్శనలిచ్చారు. రేడియో వినేవాళ్లు చూసిందేమీ లేదు. అయినా దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది.

కుడిచేయి
ఆ స్టూడియోలో కళ్లతో చూసే ప్రేక్షకులు కూర్చుని ఉన్నారండీ. వాళ్లు నోరెళ్లబెట్టడం విని ఇళ్లలోవాళ్లు నమ్మారు.

నేను అడిగినదానికి మీరు జవాబివ్వలేదు. సాధన చేస్తూ పాడ్‌కాస్టు వినడం సరైనదా, కాదా? చెవిని సాధన నుంచి తీసేస్తే ఏం పోతుందో చెప్తాను. పైముక్క పంచితే ఒకే రాపిడి, 'సర్' మని. సెకండ్ డీల్‌లో పైముక్క పంచుతున్నట్టు చూపిస్తూ రెండో ముక్కను లాగుతాం. అది పైముక్కకూ కిందిముక్కకూ, రెంటికీ రాసుకుంటూ వస్తుంది, చప్పుడు బరువుగా ఉంటుంది. ఆ తేడా తగ్గించడానికే పైముక్క మీద బొటనవేలు బరువు తగ్గిస్తూ నెలలు సాధన చేస్తారు. నాణేలదీ అంతే. అరచేతిలో పామ్ చేసిన, అంటే దాచిపట్టిన నాణెం పక్కదానికి తగిలి 'టింగ్' మంటే ఆట ముగిసినట్టే. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాడికి ఈ చప్పుళ్లు వినపడవు. తప్పు చప్పుడే చేతికి అలవాటైపోతుంది.

తెరవెనక
ఇయర్‌ఫోన్ల గొడవ మీరిద్దరూ తేల్చుకోండి. వృత్తిగా చేసేవాళ్ల తరఫున ఒక మాట.

కొత్త ఐటమ్‌లను సమీక్షించే ఎపిసోడ్లతో జాగ్రత్త. ద ఇన్‌సైడర్ అనే పాడ్‌కాస్టు వ్యానిషింగ్ ఇంక్ అనే మ్యాజిక్ దుకాణం వాళ్లది. పెద్ద పెద్ద కళాకారులు వస్తారు, వినదగ్గదే. అయితే ఏ పాడ్‌కాస్టయినా ఎవరి డబ్బుతో నడుస్తోందో తెలుసుకుని వినాలి. పేరు చెప్పను కానీ ఒక కార్యక్రమంలో ఒక దారం గిమిక్‌ను (ప్రేక్షకులకు కనపడకూడని రహస్య పరికరాన్ని) అరగంట పొగిడారు. కొనుక్కున్నాక తెలిసింది, నల్లటి తెర ముందు పక్కలైటు పడితే దారం వెండితీగలా మెరుస్తుందని. అరగంటలో లైటింగ్ గురించి ఒక్క ముక్క లేదు.

సమీక్ష వినేటప్పుడు నేను చెవి పెట్టేది ఇవి చెప్పారా లేదా అని: ఏ పక్కన ఎవరూ ఉండకూడదు, రీసెట్‌కు (మళ్లీ చేయడానికి సర్దుకోవడానికి) ఎంతసేపు, జేబులు ఎన్ని కావాలి, చేయి చాపితే అందేంత దూరంలో ప్రేక్షకుడు ఉంటే నడుస్తుందా. బల్ల నుంచి బల్లకు తిరుగుతూ చేసేవాడికి రీసెట్ పది సెకన్లు దాటితే అది సొరుగులో వస్తువే. ఇంట్లో నలుగురికి చూపించేవాడికి రీసెట్ అరగంటైనా నష్టం లేదు. వృత్తికీ సరదాకీ వేరువేరు పాడ్‌కాస్టులా అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే. పాడ్‌కాస్టు ఒకటే కావచ్చు, వినాల్సినవి వేరు.

52ముక్కలు
కొత్తకట్ట గారూ, ఆ గంటన్నరలో అరగంట మీ సొంత రికార్డింగుకు ఇవ్వండి. పేర్చిన కట్ట (రహస్య వరసలో ముందే అమర్చిన పేక) బట్టీ పట్టడానికి చెవిని మించింది లేదు.

తేలికగా మొదలుపెట్టాలంటే సై స్టెబిన్స్ వరస. కళావరు, ఆఠీను, ఇస్పేటు, డైమను, ఈ క్రమంలో రంగు మారుతుంది, ఒక్కో ముక్కకూ మూడు కలపాలి. కళావరు ఆరు తర్వాత ఆఠీను తొమ్మిది, తర్వాత ఇస్పేటు రాణి (పన్నెండు), డైమను రెండు (పదిహేనులో పదమూడు తీసేస్తే), మళ్లీ కళావరు ఐదు. నాలుగు ముక్కలకోసారి అదే రంగు, ఒకటి తక్కువ. 26 ముక్కల తర్వాత అదే విలువ, జోడీ రంగు. కోస్తే వరస చెడదు, కలిపితే చెడుతుంది. ఎదుటివాడు కోసి పైముక్క తీసుకుంటే, అడుగుముక్కను ఓరచూపు చూసి మూడు కలిపితే చాలు.

రికార్డింగులో ఒక ముక్క పేరు చెప్పి, ఖాళీ వదిలి, తర్వాతి ముక్క పేరు చెప్పండి. 52 జతలను వరసగా పెట్టకండి, చిందరవందరగా పెట్టండి. వరసగా వింటే పాటలా వచ్చేస్తుంది, మధ్యలోంచి అడిగితే నోరు పెగలదు.

కుడిచేయి
భేష్! లోకం మొత్తం చదివే చోట పేరుతో సహా కిటుకు రాసిపెట్టారు. దీనికంటే పాడ్‌కాస్టులే నయం.

52ముక్కలు
వందేళ్లకు పైగా పుస్తకాల్లో ఉన్నది రాశాను. గుప్తనిధి తవ్వలేదు.

ఇస్పేటురాణి
ఇప్పుడు తెలిసింది. కుడిచేయి గారూ, ఇంతసేపూ వేళ్లు, అంచులు, ఇయర్‌ఫోన్లు అన్నారు. మీ బాధ అది కాదు. ఎవరు వింటున్నారన్నది మీ బాధ. దారిన పోయేవాడు కూడా మెజీషియన్ల మాటలు వినేస్తున్నాడని. సూటిగా అదే అనండి.

కుడిచేయి
అంటాను. ఒక కళాకారుడు ఇంటర్వ్యూలో "అక్కడ నేను ఫలానా ఫోర్స్ వాడతాను" అని అలవోకగా అంటాడు. గదిలో నలుగురు మెజీషియన్ల మధ్య ఆ మాటకు తప్పు లేదు. పాడ్‌కాస్టులో అదే మాట వేలమందికి చేరుతుంది. విన్నవాడు ఆ పేరును సెర్చ్‌లో కొడితే ఐదు నిమిషాల్లో వీడియో దొరుకుతుంది. మర్నాడు వాడు నా ముందు కూర్చుని "ఆ ఫలానాదేనా?" అంటాడు. వాడికి చేయడం రాదు, పేరు వచ్చు. అంతమంది ముందు ఆ ఒక్క మాట చాలు నా ఐదు నిమిషాల పనిని మట్టిలో కలపడానికి. పుస్తకంలో ఉండటం వేరు. పుస్తకాన్ని వెతికి, కొని, ముందు బొమ్మ చూసి, అర్థంకాక మళ్లీ చదివినవాడికి రహస్యం విలువ తెలుస్తుంది. చెవిలో పడ్డవాడికి తెలియదు.

మీ షెజామ్ విషయంలో, మాటకారితనం విషయంలో నాకు గొడవ లేదు. మాట ఆగిన చోట పట్టుబడతారన్నది నూరుపాళ్లు నిజం.

ఇస్పేటురాణి
పేరు ఉచ్చరించకూడదన్నది ఒప్పుకుంటాను. మంచి హోస్టులు పద్ధతి పేరు రాకుండానే నడిపిస్తారు, అతిథి నోరు జారితే కత్తిరిస్తారు. కత్తిరించనివాళ్లను నేనూ సిఫార్సు చేయను. కానీ "వెతికి కొన్నవాడికే" అంటే నేను ఒప్పుకోను. దగ్గర్లో గురువు లేనివాళ్లు, క్లబ్బుల్లో అడుగుపెడితే అసిస్టెంటువా అని అడిగించుకున్న ఆడపిల్లలు, వీళ్లకు ఈ రంగంలోకి దారి చెవి నుంచే దొరికింది. ఆ తలుపు మూయమంటే నేను మూయను.

కుడిచేయి
తలుపు మూయమనలేదు. తలుపు దగ్గర నిలబడి లోపలి సంగతులు అరవొద్దన్నాను.

ఇస్పేటురాణి
అది మొదటి పోస్టులోనే అని ఉంటే సగం రోజు మిగిలేది. సాధనప్పుడు ఇయర్‌ఫోన్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాణేల విషయంలో మీరన్నది కరెక్టు.

పావురం
మరి తాడు, రింగులు, పావురాల గురించి ఎవరూ చెప్పరా?

తెరవెనక
పావురం అన్నా, స్టేజీ మ్యాజిక్ కావాలంటే ద మ్యాజిక్ వర్డ్ పాత ఎపిసోడ్లు తిరగెయ్యి. పెద్ద యాక్టులవాళ్లతో మాటలు అందులో దొరుకుతాయి.

కొత్తకట్ట
అందరికీ థాంక్స్ అండి. వెళ్లేటప్పుడు డిస్కోర్స్, వచ్చేటప్పుడు సొంత రికార్డింగు అనుకుంటున్నాను. 52ముక్కలు గారూ, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎన్ని సెకన్లు వదలాలి?

52ముక్కలు
మొదటి వారం నాలుగు. తడుముకోకుండా వస్తుంటే రెండుకు తగ్గించి మళ్లీ రికార్డు చేయండి. ఒక సెకనులో చెప్పగలిగినప్పుడు మాట్లాడుతూ కూడా వస్తుంది, అప్పుడే జనం ముందుకు తీసుకెళ్లండి. ఎక్కువమంది తప్పేది రాజుల దగ్గర. రాజు పదమూడు, మూడు కలిపితే పదహారు, పదమూడు తీసేస్తే మూడు. ఆ నాలుగు జతలను రికార్డింగులో రెండేసిసార్లు పెట్టండి.