చెవితో విని రాసిన పియానో వెర్షన్‌ని అరేంజ్‌మెంట్ అనకూడదా?

తొలిపాఠం:
అందరికీ నమస్కారం. 1960 నాటి 'సైకో' సినిమాకి బెర్నార్డ్ హెర్మన్ చేసిన సంగీతంలో టైటిల్స్ మీద వచ్చే ప్రిల్యూడ్ ఉంది కదా, దానికి సోలో పియానో అరేంజ్‌మెంట్ కోసం, అంటే ఆర్కెస్ట్రా సంగీతాన్ని ఒక్క పియానోకి మార్చి రాసిన వెర్షన్ కోసం, ఏడాదిగా వెతుకుతున్నాను. దొరికినవన్నీ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం బాగా సులువు చేసినవే. కుడిచేతికి ట్యూన్, ఎడమచేతికి నాలుగు కార్డులు, అంతే. పోయిన నెల ఈ వేదికలోనే నల్లమెట్టు గారు రికార్డు విని రాసుకున్న తొమ్మిది పేజీల వెర్షన్ పెట్టారు. వాయిస్తుంటే ఒళ్లు జలదరించింది. ముఖ్యంగా ఆరో పేజీ. కుడిచేయి ఆగకుండా చిన్న స్వరాలు తిప్పుతుంటే, ఎడమచేయి దాని మీదుగా దాటి వెళ్లి పైన వయొలిన్ల పాటను అందుకుంటుంది. అలాంటి ఆలోచన నేనెక్కడా చూడలేదు.

పాతస్వరం గారు మాత్రం దాని కింద "ఇది అరేంజ్‌మెంట్ కాదు, ఊహ" అని రాసి ఊరుకున్నారు. అప్పటి నుంచి మనసులో అదే తిరుగుతోంది. స్కోర్, అంటే స్వరకర్త రాసిన అసలు ప్రతి, చూడకుండా చెవితో రాసినది లెక్కలోకి రాదా?

పాతస్వరం:
వివరంగా రాయకపోవడం నా తప్పే. ఇప్పుడు రాస్తాను.

ఆ సినిమాకి హెర్మన్ వాడినవి తీగ వాద్యాలు మాత్రమే. ఊదే వాద్యం ఒక్కటీ లేదు, డ్రమ్ లేదు. పైగా ప్రిల్యూడ్‌ని సోర్డినోతో వాయించమని స్కోర్‌లో ఉంది. సోర్డినో అంటే వయొలిన్ బ్రిడ్జి మీద తగిలించే చిన్న బిళ్ల. అది పెడితే శబ్దంలో మెరుపు పోయి, గొంతు నొక్కినట్టు అవుతుంది. ఆ నొక్కిన గొంతుతోనే వేగంగా, కసిగా వాయించాలి. మనకు పుట్టే టెన్షన్ అంతా అక్కడిదే.

పియానోలో దానికి దగ్గరగా వచ్చేది ఎడమ పెడల్ ఒక్కటే. నల్లమెట్టు గారి తొమ్మిది పేజీల్లో ఎడమ పెడల్ గుర్తు ఒక్కచోట కూడా లేదు. స్కోర్ తెరిచి ఉంటే ఆ మాట మొదట్లోనే కంటపడేది. అందుకే ఊహ అన్నాను.

నల్లమెట్టు:
పాతస్వరం గారూ, సోర్డినో సంగతి నాకు తెలుసు. వింటే తెలుస్తుంది, దానికి స్కోరే అక్కర్లేదు. ఎడమ పెడల్ కావాలనే పెట్టలేదు. నాది నిలువు పియానో. దాంట్లో ఎడమ పెడల్ తొక్కితే సుత్తులు తీగలకు కాస్త దగ్గరికి జరుగుతాయి, దెబ్బ చిన్నదవుతుంది. శబ్దం తగ్గుతుంది గానీ రంగు మారదు. గట్టిగా వాయించాల్సిన ముక్కలో శబ్దం తగ్గించుకుని ఏం సాధిస్తాం?

పాతస్వరం:
గ్రాండ్ పియానోలో ఎడమ పెడల్ తొక్కితే కీబోర్డు మొత్తం పక్కకు జరుగుతుంది. మూడు తీగల మీద పడాల్సిన సుత్తి రెండింటి మీదే పడుతుంది. తగిలేది కూడా గట్టిపడిన చోట కాదు, మెత్తటి ఉన్ని. అంటే రంగే మారుతుంది. సోర్డినో చేసే పనీ అదే. అరేంజ్‌మెంట్ అనేది పియానోకి రాస్తాం, మన గదిలో ఉన్న పియానోకి కాదు.

రెండుచేతులు:
బీతోవెన్ ఆర్కెస్ట్రాకి రాసిన తొమ్మిది సింఫొనీలనూ ఫ్రాంజ్ లిస్ట్ అనే స్వరకర్త పియానోకి రాశారు. ఆయన ముందు స్కోర్ ఉంది, నిజమే. అలాగని ప్రతి స్వరమూ దింపారా? పది వేళ్లకు లొంగనిది వదిలారు, కొన్ని చోట్ల మార్చారు. అరేంజ్‌మెంట్ అంటే ఏది వదలాలో తెలియడం. చూసి వదిలారా, విని వదిలారా అన్నది ఎందుకు?

కచేరీప్రియ:
జపాన్ స్వరకర్త సకమోటో 1983లో తాను చేసిన సినిమా సంగీతాన్ని తానే సోలో పియానోకి మార్చి వాయించారు. స్వరకర్తే చేస్తే ఈ గొడవే లేదు.

పాతస్వరం:
రెండుచేతులు గారూ, వదలాలంటే ముందు అక్కడ ఏముందో తెలియాలి. తెలిసి వదలడం వేరు, వినపడక వదలడం వేరు. ఆ రికార్డింగు మోనో, అన్ని వాద్యాలూ ఒకే ఛానెల్‌లో ఉంటాయి. వయొలిన్ కంటే పెద్ద తీగ వాద్యాలైన వయోలాలు, సెల్లోలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వినిపిస్తాయి. మధ్యలో ఎవరు ఏ స్వరం పట్టుకున్నారో చెవికి అందదు.

నల్లమెట్టు:
చెవిని అంత తక్కువ చేయకండి. హాలీవుడ్‌లోని ఎం.జి.ఎం. స్టూడియో తన సంగీత గ్రంథాలయంలోని పూర్తి స్కోర్లు, వాద్యకారుల ప్రతులు చాలా వరకు చెత్తలో పారేసింది. ఎన్నో సినిమాలకు మిగిలింది రెండు మూడు వరుసల్లో కుదించిన పియానో ప్రతే. ఆర్కెస్ట్రా కండక్టర్ జాన్ విల్సన్ ఆ ప్రతులను ముందు పెట్టుకుని, సినిమా సౌండ్‌ట్రాక్ మళ్లీ మళ్లీ వింటూ, ఏ వాద్యం ఎక్కడుందో తిరిగి రాసుకున్నారు. 2009లో లండన్ ప్రామ్స్ సంగీతోత్సవంలో ఆ సంగీతం మళ్లీ మోగింది. అది కూడా ఊహేనా? చెవి లేకపోతే ఆ ఆర్కెస్ట్రేషన్లు ఈరోజు ఉండేవే కావు.

పాతస్వరం:
ఆయన చేతిలో కుదించిన ప్రతైనా ఉంది. మీ దగ్గర అదీ లేదు. అడిగినదానికి జవాబు ఇంకా రాలేదు. ఎడమ పెడల్ ఎందుకు లేదు?

నల్లమెట్టు:
చెప్పాను. మళ్లీ చెబుతున్నాను. నిలువు పియానోలో అది పనిచేయదు. ఈ వేదికలో చాలామందికి ఉన్నది నిలువు పియానోలు, డిజిటల్ పియానోలు. నేను వాళ్ల కోసం రాశాను.

పాతస్వరం:
గ్రాండ్ పియానో లేకపోతే ఈ ముక్క జోలికి వెళ్లకపోతేనే మంచిది.

వానచినుకు:
ఆ మాట బాలేదండీ.

తొలిపాఠం:
నాది డిజిటల్ పియానో. ఇక నేను కూడా మానేయాలా?

నల్లమెట్టు:
చూశారా, మాట ఎక్కడికి వచ్చిందో! నాకిది కొత్త కాదు. చాలా ఏళ్ల కిందట ఒక పోటీకి ఒక పాత సినిమా సంగీతాన్ని పియానోకి రాసుకుని వెళ్లాను. ఎనిమిది నెలల పని. ఒక్కో సెకను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని రాసింది. బల్ల దగ్గర కూర్చున్నాయన కాగితాలు ఇటూ అటూ తిరగేసి, "అచ్చయిన ప్రతి ఏది?" అన్నారు. లేదండీ, నేనే రాసుకున్నాను అన్నాను. "అయితే నువ్వు తప్పు వాయించినా మాకెలా తెలుస్తుంది?" అని వెనక్కి ఇచ్చేశారు. ఒక్క స్వరం వినలేదు. అచ్చులో ఉంటేనే సంగీతం, గ్రాండ్ ఉంటేనే పియానో. ఇదంతా తలుపులు మూసేవాళ్ల మాట. మీరూ అదే అంటున్నారు.

రెండుచేతులు:
అసలు సినిమా సంగీతంలో 'ఒరిజినల్' అనేదే ఒక్కరి చేతి పని కాదు. హాలీవుడ్ స్వరకర్త కోర్న్‌గోల్డ్ రాస్తే చాలా సినిమాలకు వాద్యాలకు పంచింది హ్యూగో ఫ్రీడ్‌హోఫర్. 1941లో ఒక సినిమా కోసం అడిన్సెల్ రాసిన 'వార్సా కాన్చెర్టో'ని ఆర్కెస్ట్రాకి దింపింది రాయ్ డగ్లస్. ఇందరి చేతులు పడ్డచోట ఇంకో చెయ్యి కలిస్తే తప్పేముంది?

పాతస్వరం:
హెర్మన్ తన ఆర్కెస్ట్రేషన్ తానే చేసుకునేవారు, మరొకరి చేతిలో పెట్టేవారు కాదు. కాబట్టి ఆ ఉదాహరణలు ఇక్కడ అతకవు. అయినా మీరన్న ఇద్దరి పేర్లూ మీకు తెలుసు కదా. ఫ్రీడ్‌హోఫర్ అని, డగ్లస్ అని రాయగలిగారు. నా బాధ దాని గురించే.

నల్లమెట్టు:
మీ బాధ ఎడమ పెడల్ గురించి కదా? నిన్నటి నుంచీ అదే రాస్తున్నారు.

పాతస్వరం:
సరే, అడిగారు కాబట్టి చెబుతాను. ఈ ప్రిల్యూడ్‌కి నా దగ్గర పద్నాలుగు పేజీల చేతిరాత ప్రతి ఉంది. మా గురువుగారు స్కోర్ చూసి, తన కోసం, ఇద్దరు ముగ్గురు శిష్యుల కోసం రాసుకున్నది. అచ్చు కాలేదు. ఆయన పోయాక నాకు వచ్చింది.

కచేరీప్రియ:
అయితే ఇక్కడ పెట్టండి! అందరం చూస్తాం.

వానచినుకు:
అవునండీ, ఒక్క పేజీ అయినా.

తొలిపాఠం:
దయచేసి.

పాతస్వరం:
పెట్టను. ఒకసారి ఇచ్చి అనుభవించాను. చాలాకాలం కిందట ఒక స్నేహితుడు అడిగితే మధ్యలోని నాలుగు పేజీలు స్కాన్ చేసి పంపాను. నెల తిరక్కుండా అవి నెట్‌లో కనబడ్డాయి. ప్రతి పేజీ కింద కుడిమూలలో గురువుగారు చిన్నగా సంతకం చేసేవారు. ఆ మూల కత్తిరించి పెట్టాడు. నాలుగు పేజీల్లోనూ.

ఇక అసలు మాట. ఆరో పేజీలో ఎడమచేయి కుడిచేతి మీదుగా దాటే ఆ చోటు మా గురువుగారిది. హెర్మన్ స్కోర్‌లో ఎవరి చేయీ ఎవరి మీదుగా దాటదు, అక్కడున్నవి వయొలిన్లు. పియానో ముందు కూర్చుని ఎవరో ఒకరు కనిపెట్టాల్సిన ఉపాయం అది. దాన్ని చెవి ఎలా వింటుంది నల్లమెట్టు గారూ? రికార్డులో చేతులు కనబడతాయా?

రెండుచేతులు:
ఒకే ఇబ్బందికి ఇద్దరికి ఒకే ఉపాయం తోచవచ్చు. దొంగతనం అనే ముందు కాస్త ఆగండి.

పాతస్వరం:
నేను ఆ మాట వాడలేదు. దాటడం ఒక్కటే అయితే నేనూ అలాగే అనుకునేవాణ్ని. వేళ్ల అంకెలు, అంటే ఏ స్వరానికి ఏ వేలో చెప్పే అంకెలు (బొటనవేలు 1), కూడా అవే. ఎడమచేతికి 2, 1, 2, 4. ఆయన చేతికి బొటనవేలు సాగదు, అందుకని అలా రాసుకునేవారు. అది ఎవరికీ సహజంగా రాదు.

నిర్వాహకుడు:
అందరికీ ఒక మనవి. హక్కులున్న సంగీతానికి అరేంజ్‌మెంట్ చేసి పంచాలంటే హక్కుదారు అనుమతి కావాలి. ఆ తొమ్మిది పేజీల ఫైల్‌ని ప్రస్తుతానికి తీసేస్తున్నాం. చర్చ కొనసాగించవచ్చు. మాట జారవద్దు.

తొలిపాఠం:
నేను అడిగిన ప్రశ్న వల్ల ఇంత దూరం వచ్చింది. క్షమించండి.

నల్లమెట్టు:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

ఆ నాలుగు పేజీలు నేను చూశాను. ఎక్కడో తగిలాయి, పేరు లేదు, ఏ ముక్కో కూడా రాసి లేదు. వాయించాక తెలిసింది. అప్పటికి నా వెర్షన్ అయిదు పేజీలు రాశాను. తర్వాతి చోట పాట పైకి వెళ్తుంది, కింద తిరిగే స్వరాలు ఆగవు, నా రెండు చేతులూ కింద ఇరుక్కుపోయాయి. మూడు వారాలు తల కొట్టుకున్నాను. ఆ స్కాన్‌లో దారి కనబడింది. అది తీసుకున్నాను, అంకెలతో సహా. నా చేతికి కూడా ఆ అంకెలు కుదరలేదు, అయినా మార్చలేదు. మిగతా ఎనిమిది పేజీలూ నేను విని రాసినవే. అది మాత్రం ఒట్టు.

పేరు లేనిదాన్ని ఎవరిదని రాయను అనుకున్నాను. "ఒక పేజీలోని ఉపాయం నాది కాదు" అనైనా రాసి ఉండాల్సింది. రాయలేదు. తొలిపాఠం గారు ఆరో పేజీనే మెచ్చుకున్నప్పుడు కూడా చెప్పలేదు. అక్కడ తప్పు నాదే.

కానీ పాతస్వరం గారూ, ఒకటి అడుగుతాను. మీకు మొదటి రోజే తెలుసు. ఆ రోజే "ఇది మా గురువుగారిది" అని అడిగి ఉంటే నేను చెప్పేసేవాణ్ని. అది వదిలి నా చెవిని, నా పియానోని అన్నారు.

పాతస్వరం:
అడగలేకపోయాను. అడిగితే, మా స్నేహితుడికి ఇచ్చింది నేనే కాబట్టి గురువుగారి సంతకం పోవడానికి కారణం నేనేనని ఒప్పుకోవాలి.

గ్రాండ్ పియానో మాట వెనక్కి తీసుకుంటున్నాను. తొలిపాఠం గారూ, మీరు మానేయకండి. గురువుగారి దగ్గర ఉన్నదీ నిలువు పియానోనే.

వానచినుకు:
మరి ఆయన ఎడమ పెడల్ గుర్తు పెట్టారా?

పాతస్వరం:
మొదటి పేజీలో పెట్టారు. తర్వాత పెన్సిల్‌తో కొట్టేసి, పక్కన "ఇక్కడ పనిచేయదు, వేళ్లతోనే నొక్కిపట్టాలి" అని రాసుకున్నారు.

నల్లమెట్టు:
ఆయన పేరు నాకు విడిగా పంపుతారా? నా ప్రతిలో ఆరో పేజీ కింద కుడిమూలలో రాసుకుంటాను.

పాతస్వరం:
పంపుతాను. మిగతా ఎనిమిది పేజీల విషయంలో మాత్రం నా మాట మారదు. మూడో పేజీలో వయోలాలు మీరు రాసినచోట లేవు. దాని గురించి రేపు రాస్తాను.