ఇంట్లో మనిషి క్యాన్సర్ చికిత్స వివరాలు ఎలా రాసి పెట్టుకుంటున్నారు?

గోదారి_గట్టు:
మా ఆవిడకి రొమ్ము క్యాన్సర్, హెర్2 పాజిటివ్ (క్యాన్సర్ కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే రకం). బయాప్సీ రాజమండ్రిలో, కీమో హైదరాబాద్‌లో. ఏసీ అనే రెండు మందుల కీమో నాలుగు సార్లు అయింది, ఇప్పుడు వారం వారం పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు ఎక్కిస్తున్నారు. కొత్త డాక్టర్ వచ్చినప్పుడల్లా కథంతా మొదటి నుంచి చెప్పాలి. కాగితాల సంచి చూస్తేనే టెన్షన్. మీరెలా చేస్తున్నారు?

శారద_నల్గొండ:
ఫైలు పైన ఒకే ఒక్క పేజీ పెట్టండి అన్నయ్యా. ఏ క్యాన్సర్, ఏ స్టేజ్, ఈఆర్, పీఆర్ (హార్మోన్ పరీక్షలు), హెర్2 ఫలితాలు, పడని మందులు, షుగర్ బీపీ ఉంటే వాటి మాత్రలు, చివరి కీమో తేదీ, డాక్టర్ నంబర్. అంతే, రెండో పేజీకి పోనివ్వకండి. మా ఆయనకి ఓ రాత్రి జ్వరం 101 దాటింది. దగ్గర్లోని ఆసుపత్రికి పరిగెత్తాం. డ్యూటీలో ఉన్న అమ్మాయి లావు ఫైలు ముట్టుకోలేదు, ఆ పేజీ మీద వేలు పెట్టి చివరి కీమో తేదీ దగ్గర ఆగింది. వెంటనే రక్తం తీయించి యాంటీబయాటిక్ మొదలుపెట్టింది. కీమో అయిన వారం పది రోజులకి తెల్ల కణాలు పడిపోతాయి. అప్పుడు 100.4 వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు.

పెన్నా_ఒడ్డు:
ఏసీలో ఎర్రటి మందు ఉంటుంది చూడండి, డాక్సోరూబిసిన్, అది ఎంత ఎక్కిందో మిల్లీగ్రాముల్లో రాయించుకోండి. గుండెకి దెబ్బ కాబట్టి ఒక మనిషికి జీవితం మొత్తం మీద ఒంటి విస్తీర్ణంలో చదరపు మీటరుకి 450 నుంచి 550 మిల్లీగ్రాముల దాకానే అంటారు. మామూలు మోతాదులో నాలుగు ఏసీలకి 240 అవుతుంది. రేపెప్పుడో మళ్లీ అవసరమైతే ఆ లెక్కే అడుగుతారు. హెర్2 అంటున్నారు కాబట్టి ట్రాస్టుజుమాబ్ అనే హెర్2 మందు కూడా ఉంటుంది. దానికి మూడు నెలలకోసారి ఎకో (గుండె స్కాన్) తీస్తారు, అందులో గుండె రక్తం పంపే శక్తిని చెప్పే ఈఎఫ్ శాతాలన్నీ ఒక్కచోట వరసగా ఉంచండి. డిశ్చార్జ్ సమ్మరీలో ‘కీమో ఇవ్వబడింది’ అని ఊరికే రాస్తే ఒప్పుకోవద్దు.

వేపచెట్టు:
నా పద్ధతి రెండు రూపాయల పెన్ను, స్కూల్ నోటుబుక్కు. ఎక్సెల్ పెట్టి వదిలేశాను, వార్డులో ల్యాప్‌టాప్ ఎవరు తెరుస్తారు?

మా ఆయనది పెద్దపేగు క్యాన్సర్, ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు పెట్టారు, అది నరాల మీద పనిచేస్తుంది. ఎలా ఉన్నారని డాక్టర్ అడిగితే “బానే ఉన్నా” అనేస్తారు, మగాళ్లు కదా! నేను మాత్రం చూసింది రాసేదాన్ని: చన్నీళ్లు తాగితే గొంతు పట్టేస్తోంది, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారు, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియడం లేదు. డాక్టర్ అది చదివి, చొక్కా విప్పి మళ్లీ తొడుక్కోమన్నారు. ఆ రోజే మోతాదు తగ్గించారు.

శారద_నల్గొండ:
వేపచెట్టు గారూ, గుండీల మాట నిజం. మా ఇంట్లోనూ ఇదే బాగోతం.

మెహిదీపట్నం_రవి:
బయాప్సీ బ్లాకుల సంగతి ఎవరూ ఎత్తలేదు. మైనంలో పెట్టిన ఆ ముక్కలే అసలు ఆస్తి. సెకండ్ ఒపీనియన్‌కి వెళ్తే రిపోర్టు చాలదు, స్లైడ్లు, బ్లాకులు తెమ్మంటారు. తీసుకునేటప్పుడు నంబర్లు సరిచూసి ఫోటో తీయండి. ఎండలో కారులో వదిలారంటే మైనం కరుగుతుంది. ఇంకోటి, మెషీన్ బిల్లుల మీద అక్షరాలు కొన్నాళ్లకి చెరిగిపోతాయి, ఆఫీసు క్లెయిము ఉంటే అదే రోజు జిరాక్స్ తీయించండి. ఒరిజినల్స్ ఎవరడిగినా రసీదు లేకుండా ఇవ్వకండి.

గోదారి_గట్టు:
బ్లాకులు ఇంకా రాజమండ్రి ల్యాబ్‌లోనే ఉన్నాయి రవి గారూ. మా బావమరిది అక్కడే ఉంటాడు, మా ఆవిడ సంతకంతో లెటర్ ఇస్తే అతని చేతికి ఇస్తారా?

మెహిదీపట్నం_రవి:
మామూలుగా ఇస్తారు. లెటర్‌తో పాటు ఆవిడ ఆధార్ కాపీ, అతని గుర్తింపు కార్డు పంపండి. ముందు ఫోన్ చేసి అడగండి, ఒక్కో ల్యాబ్‌ది ఒక్కో పద్ధతి.