ప్రభుత్వ భూములు, సముద్రాలు: ఆదివాసీ తెగలకు సలహా హక్కు చాలా, నిర్ణయ హక్కు ఇవ్వాలా?

కొండదారి:

అమెరికాలో "ఆదివాసుల నాయకత్వంలో సంరక్షణ" అనే మాట ఈ పదేళ్ళలో బాగా వినిపిస్తోంది. నాయకత్వం వాళ్ళదే అయితే చివరి సంతకం ఎవరిది? నా బాధంతా అక్కడే.

యూటా రాష్ట్రం ఆగ్నేయ మూలన ఎలుగుబంటి చెవుల్లా కనిపించే జంట గుట్టలున్నాయి. పేరు కూడా బేర్స్ ఇయర్సే. చుట్టుపక్కల లోయల నిండా పూర్వీకుల రాతి ఇళ్ళు, గోడల మీద బొమ్మలు, సమాధులు. హోపీ, నవాహో, జూనీ తెగలూ, యూట్ జాతికి చెందిన రెండు తెగలూ 2015లో చేతులు కలిపి 19 లక్షల ఎకరాలను కాపాడమని అడిగాయి. వాటిలో కొన్నిటి మధ్య భూమి తగాదాలు తరాల నుంచీ ఉన్నవే. అయినా ఒకే కాగితం మీదకు వచ్చాయి. నిర్వహణలో ప్రభుత్వంతో సమానమైన అధికారం కావాలన్నాయి.

2016 డిసెంబరులో ఒబామా 13.5 లక్షల ఎకరాలను నేషనల్ మాన్యుమెంట్‌గా, అంటే అధ్యక్షుడి ప్రకటనతో రక్షణ పొందే ప్రాంతంగా ప్రకటించారు. తెగలకు ఒక కమిషన్ కూడా ఇచ్చారు. కానీ ఆ ప్రకటన చదవండి. కమిషన్ సిఫారసు చేస్తుంది. అధికారులకు నచ్చకపోతే, ఎందుకు నచ్చలేదో రాతపూర్వకంగా చెబితే సరిపోతుంది. ఏడాది తిరగకముందే ట్రంప్ అందులో దాదాపు 85 శాతం కోసేశారు. 2021 అక్టోబరులో బైడెన్ తిరిగి కలిపారు. 2025లో న్యాయశాఖ మరో అడుగు వేసింది. అధ్యక్షుడు మాన్యుమెంట్‌ను రద్దు చేయలేడన్న 1938 నాటి అభిప్రాయాన్ని పక్కనపెట్టి, చేయవచ్చని రాసింది.

ఇలా సంతకంతో వచ్చి సంతకంతో పోయేదాన్ని నాయకత్వం అనలేను. నిర్ణయాధికారం చట్టంతో ఇవ్వాలి అంటాను. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

సూటిమాట:

కొండదారి గారూ, నేను కాదనేవాణ్ణే.

ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం చేతిలో సుమారు 64 కోట్ల ఎకరాలున్నాయి, దేశంలో నాలుగో వంతు కంటే ఎక్కువ. అది పౌరులందరి ఆస్తి. తెగ కౌన్సిల్‌ను ఎన్నుకునేది ఆ తెగ సభ్యులు మాత్రమే. మిగతా పౌరులకు అందులో ఓటు లేదు. నాకు ఓటు లేని సంస్థ నా ఆస్తి మీద తుది నిర్ణయం తీసుకోవడం ప్రజాస్వామ్యమా?

యూటాలో దాదాపు మూడింట రెండు వంతుల భూమి ఫెడరల్ ప్రభుత్వానిదే. అక్కడ పశువులు మేపుకునేవాళ్ళు, కట్టెలు తెచ్చుకునేవాళ్ళు రాజధాని వాషింగ్టన్‌లో ఎవరో గీసిన గీతకు లోబడి బతకాలి. అధ్యక్షుడికి మాన్యుమెంట్లు ప్రకటించే అధికారం ఇచ్చిన 1906 నాటి యాంటిక్విటీస్ చట్టం ఏమంటుంది? కాపాడవలసిన వస్తువుకు సరిపడా అతి తక్కువ విస్తీర్ణం అంటుంది. 13.5 లక్షల ఎకరాలు అతి తక్కువా? సంతకంతో వచ్చింది సంతకంతో పోయిందని మీ బాధ. అసలు ఒక్క మనిషి సంతకంతో అంత రావడమే తప్పు అని నా వాదన.

అలలలెక్క:

భూమి సంగతి మీరిద్దరూ చూస్తున్నారు కాబట్టి నేను నీళ్ళవైపు వస్తాను. చదివింది సముద్ర జీవశాస్త్రం, అందుకే ఈ విషయం మీద కొంచెం ఆవేశం ఎక్కువ.

హవాయికి వాయవ్యంగా ఉన్న పాపహానౌమొకువాకెయా అనే దీవుల, సముద్రపు ప్రాంతం 2006లో బుష్ చేతిలో మాన్యుమెంట్ అయింది. 2016లో ఒబామా దాన్ని 5.82 లక్షల చదరపు మైళ్ళకు పెంచారు. దాని కోసం ఏళ్ళ తరబడి పోరాడినవాళ్ళలో బజీ అగార్డ్ ఒకరు. హవాయి మూలవాసి. కుర్రతనంలో ఆయన అక్కడ చేపలు పట్టిన మనిషే. పట్టినకొద్దీ చేపలు తిరిగి రావడం లేదని కళ్ళారా చూసి, తర్వాత జీవితమంతా ఆ నీళ్ళను కాపాడమని తిరిగారు. నాకు సంరక్షణలో నాయకత్వం అంటే ఆ మనిషే గుర్తొస్తాడు. 2017లో హవాయి మూలవాసుల వ్యవహారాల కార్యాలయాన్ని కూడా సహ ధర్మకర్తగా చేర్చారు. ధర్మకర్త అంటే సలహాదారు కాదు, బల్ల దగ్గర సొంత కుర్చీ ఉంటుంది.

కాలిఫోర్నియాలో చుమాష్ హెరిటేజ్ మెరైన్ శాంక్చురీ (రక్షిత సముద్ర ప్రాంతం) వేరే కథ. నార్తర్న్ చుమాష్ ట్రైబల్ కౌన్సిల్ 2015లో ప్రతిపాదన పెట్టింది. దాన్ని ముందుండి నడిపిన ఫ్రెడ్ కాలిన్స్ 2021లో కన్నుమూశారు. 2024లో 4,543 చదరపు మైళ్ళకు ప్రకటన వచ్చింది. కొత్తగా చమురు తవ్వకాలు ఉండవు. ఒక తెగ ప్రతిపాదించగా వచ్చిన మొదటి మెరైన్ శాంక్చురీ అదే. ఇది మెరైన్ శాంక్చురీల కోసం చేసిన 1972 చట్టం కింద, ప్రజాభిప్రాయం తీసుకుని ఏళ్ళు పట్టి వచ్చింది. కాబట్టి సూటిమాట గారు అన్న ఒక్క సంతకం అభ్యంతరం దీనికి వర్తించదు. అయితే నిర్వహణ పగ్గాలు మాత్రం ఫెడరల్ సంస్థ దగ్గరే ఉన్నాయి. ఆ మేరకు కొండదారి గారి మాట నిజం.

రేవుగాలి:

మీరందరూ మర్చిపోతున్న ఒక ఊరు ఉంది. పాగోపాగో. దక్షిణ పసిఫిక్‌లో అమెరికా పాలనలో ఉన్న అమెరికన్ సమోవా దీవుల్లో ఉంది.

నేను చేపల ఎగుమతి వ్యాపారంలో పదిహేనేళ్ళు లెక్కలు రాశాను. ఆ దీవులకు ట్యూనా క్యానరీ, అంటే ట్యూనా చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ, ఎంత ముఖ్యమో నాకు తెలుసు. అక్కడ ప్రైవేటు ఉద్యోగాలకు అదే పెద్ద దిక్కు. పసిఫిక్‌లో మారుమూల దీవుల చుట్టూ బుష్ 2009లో మాన్యుమెంట్ పెట్టారు, ఒబామా 2014లో దాదాపు 4.9 లక్షల చదరపు మైళ్ళకు పెంచారు. అప్పటి నుంచీ సమోవా నాయకులు మొత్తుకుంటూనే ఉన్నారు, మా పడవలు ఎక్కడికి పోవాలని. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ 50 నుంచి 200 నాటికల్ మైళ్ళ మధ్య వాణిజ్య వేటకు మళ్ళీ దారి తెరిచినప్పుడు అక్కడి నాయకులు స్వాగతించారు.

వాళ్ళు మూలవాసులు కారా? హవాయి మూలవాసులు మూసేయమంటే అది ఆదివాసీ నాయకత్వం, సమోవావాళ్ళు తెరవమంటే అది లాబీయింగా? ఇదెక్కడి న్యాయమండీ? మనకు నచ్చిన జవాబు చెప్పినవాళ్ళనే అసలైన ఆదివాసులుగా లెక్కగట్టకండి.

అలలలెక్క:

రేవుగాలి గారూ, మీ చివరి వాక్యం గుచ్చుకుంది. ఒప్పుకుంటున్నాను.

ఒక్క సంగతి మాత్రం చేరుస్తాను. ఆ ఏప్రిల్ ప్రకటన తర్వాత మత్స్య శాఖ ఒక లేఖ రాసి వేటకు వీలిచ్చింది. నియమాలు మార్చలేదు, ఎవరి అభిప్రాయమూ అడగలేదు. హవాయి మూలవాసుల సంఘం ఒకటి, పర్యావరణ సంస్థలు కోర్టుకెళ్ళాయి. ఆగస్టులో ఫెడరల్ జడ్జి అలా చెల్లదన్నారు. అడగకుండా మూసేయడం తప్పయితే అడగకుండా తెరవడమూ తప్పే. సమోవావాళ్ళ గోడు వినడానికైనా ఆ ప్రక్రియ ఉండాలి కదా.

కొండదారి:

రేవుగాలి గారి మాటకు నా జవాబు కూడా. అలాస్కాలో ఇలాంటిదే ఉంది. ఆర్కిటిక్ వన్యప్రాణి ఆశ్రయంలో చమురు తవ్వొద్దని గ్విచిన్ ప్రజలు దశాబ్దాలుగా పోరాడుతున్నారు. కారిబూ జింకలు ఈనేది అక్కడే, వాళ్ళ తిండి ఆ జింకలే. అదే తీరంలో ఉన్న కక్తోవిక్ ఊరి ఇన్యుపియట్ నాయకులు తవ్వకాలు కావాలంటారు. బడి, ఆసుపత్రి ఆ డబ్బుతోనే నడుస్తాయంటారు.

ఇద్దరూ ఒకే మాట చెప్పాలని నేను అడగను. ఒక రాష్ట్రంలో రెండు పార్టీలు కొట్టుకుంటే ఆ రాష్ట్రానికి ఓటు హక్కు తీసేస్తామా? నిర్ణయించే హక్కులో మనకు నచ్చని నిర్ణయం తీసుకునే హక్కు కూడా ఉంటుంది.

ఇక సూటిమాట గారికి. నాకు ఓటు లేదు అంటున్నారు. వాషింగ్టన్ రాష్ట్రం చూడండి. 1854, 55లలో అక్కడి తెగలు భూమి వదులుకుని, చేపలు పట్టే హక్కు మాత్రం ఫెడరల్ ప్రభుత్వంతో చేసుకున్న ఒడంబడికల్లో ఉంచుకున్నాయి. రాష్ట్రం దాన్ని లెక్కచేయలేదు, వలలు లాక్కుంది, మనుషుల్ని అరెస్టు చేసింది. 1974లో జడ్జి బోల్ట్ ఆ ఒడంబడికలు చదివి, పట్టదగిన చేపల్లో సగం వాటా తెగలదే అన్నారు. 1979లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. అప్పటి నుంచీ సాల్మన్ ఎంత పట్టాలో రాష్ట్రం, తెగలు కలిసి తేల్చుకుంటున్నాయి. యాభై ఏళ్ళు దాటింది. అధ్యక్షులు ఎందరు మారినా అది చెక్కు చెదరలేదు. ప్రజాస్వామ్యం కూలిపోలేదు.

సూటిమాట:

బోల్ట్ తీర్పుతో నాకు పేచీ లేదు. అది ఒడంబడిక. దేశం మాట ఇచ్చింది, నిలబెట్టుకోవాలి. మొంటానాలో బైసన్ రేంజ్ (బైసన్ అనే అడవి దున్నల రక్షిత భూమి) కూడా అలాంటిదే. 1908లో సాలిష్, కూటెనై తెగల రిజర్వేషన్ (తెగలకు కేటాయించిన భూభాగం) నుంచి వాళ్ళ సమ్మతి లేకుండా తీసుకున్న భూమి. 18,800 ఎకరాలు 2020 డిసెంబరులో కాంగ్రెస్ చట్టం చేసి తిరిగిచ్చింది. సంతకం పెట్టింది ట్రంపే. తమదాన్ని తమకు ఇవ్వడంలో నేను అడ్డు చెప్పను.

కాబట్టి నా గీత ఇది. ఒడంబడిక ఉన్నచోట హక్కు. లేనిచోట సలహా. అంతకంటే న్యాయమైన గీత ఇంకేముంది?

వాషింగ్టన్ రాష్ట్ర తీరంలోని మాకా తెగ గురించి కూడా అడగాలి. 1855 ఒడంబడికలో వాళ్ళకు తిమింగలాల వేట హక్కు ఉంది. 2024లో ప్రభుత్వం పదేళ్ళలో 25 గ్రే తిమింగలాల దాకా వీలిచ్చింది. సంరక్షణ కోసం నిర్ణయాధికారం అంటున్నవాళ్ళు దీనికి సరేనంటారా?

కొండదారి:

సరేనంటాను. 1920లలో తమంతట తాము వేట మానేసినవాళ్ళు వాళ్ళు, వాణిజ్య వేట తిమింగలాలను మిగల్చలేదు కాబట్టి.

నిప్పురవ్వ:

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. సూటిమాట గారి గీత దగ్గర ఆగలేకపోయాను.

ఉత్తర కాలిఫోర్నియాలో ఉంటాను. 2020 సెప్టెంబరులో ఒక పొద్దున లేచేసరికి ఆకాశం నారింజ రంగులో ఉంది. పదకొండింటికి కూడా లైట్లు వేసుకుని కూర్చున్నాం. పిల్ల అమ్మా ఇంకా తెల్లవారలేదా అని అడిగింది. ఆ టెన్షన్‌లో అడవుల గురించి చదవడం మొదలుపెట్టాను, ఇంకా ఆపలేదు.

క్లామత్ నది పక్కన కరూక్ ప్రజలు తరతరాలుగా అడవిలో చిన్న మంటలు పెట్టేవారు. నేల మీద ఎండు చెత్త కాలిపోతుంది, చెట్టు మిగులుతుంది. కాలిన చోట హేజల్ పొద కొత్త రెమ్మలు నిటారుగా వేస్తుంది, బుట్టలల్లడానికి అవే కావాలి. ఓక్ కాయకు పురుగు తగ్గుతుంది. ఎండాకాలం పొగ నది మీద కమ్ముకుంటే నీళ్ళు చల్లబడతాయని, సాల్మన్‌కు అది మేలని వాళ్ళు ఎప్పటి నుంచో చెప్పేవారు. తర్వాత శాస్త్రవేత్తలు కొలిచి చూస్తే నిజమే. 1911లో వీక్స్ చట్టం వచ్చాక మంటలన్నీ ఆర్పడమే విధానం అయింది. నిప్పు పెట్టినవాడు నేరస్థుడు. వందేళ్ళు చెత్త పేరుకుంది. తర్వాత ఏమైందో ఆ నారింజ ఆకాశం కింద మేము చూశాం.

ఇప్పుడు ఒడంబడిక సంగతి. 1851, 52లలో ఫెడరల్ ప్రతినిధులు కాలిఫోర్నియా తెగలతో 18 ఒడంబడికలు రాసుకున్నారు. సెనేట్ వాటిని ఆమోదించలేదు. ఆమోదించకపోవడం ఒకటి, వాటిని రహస్యంగా దాచేసింది. 1905 దాకా బయటకు రానివ్వలేదు. అప్పటికి నేల చేతులు మారిపోయింది. కరూక్ పూర్వీకుల నేలలో అత్యధిక భాగం ఈరోజు నేషనల్ ఫారెస్ట్.

సూటిమాట గారూ, వాళ్ళు మాట ఇచ్చి సంతకం పెట్టారు. అవతలివాళ్ళు కాగితం దాచేశారు. ఆ కాగితం లేదు కాబట్టి మీకు సలహా చాలు అని వాళ్ళకు ఎలా చెబుతాం?

సూటిమాట:

ఆ 18 ఒడంబడికల సంగతి నాకు తెలియదు. రాత్రి కూర్చుని చదివాను. మీరు చెప్పింది నిజమే. ఒడంబడిక ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో గీత గీయడం తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ పౌరులందరి ఆస్తి అన్న మాట వదలను. ఆ అడవిలో నిప్పు గాలికి ఎగిరి పక్క ఊరికి పాకితే బాధ్యత ఎవరిది? నిర్ణయం తెగది, నష్టం కౌంటీది (మన జిల్లా లాంటిది) అంటే ఒప్పుకోను.

నిప్పురవ్వ:

న్యాయమైన ప్రశ్న. కాలిఫోర్నియా 2024లో చేసిన చట్టం నాకు నచ్చింది అందుకే. ఫెడరల్ గుర్తింపు ఉన్న తెగ రాష్ట్రంతో ఒప్పందం చేసుకుంటే, సంప్రదాయ దహనాలకు ప్రతిసారీ రాష్ట్రం పర్మిట్ కోసం తిరగనక్కర్లేదు. తన అడవికి తగిన రోజు ఏదో తెగే నిర్ణయిస్తుంది. మొదటి ఒప్పందం 2025లో కరూక్ తెగతోనే. తేమ, గాలి చూసి ఇవాళే అనుకున్న రోజున కాగితం రాకపోతే ఆ ఏడాది దహనం లేనట్టే. అది అర్థం చేసుకుని రాసిన చట్టం. ఎవరి బాధ్యత ఏమిటో ముందే కూర్చుని రాసుకోవచ్చు.

అయితే అది రాష్ట్ర చట్టం. నేషనల్ ఫారెస్ట్ ఫెడరల్‌ది. గీత దాటితే మళ్ళీ పాత కథే.

రేవుగాలి:

ఆ కాలిఫోర్నియా నమూనా బాగుంది. ఫలానా పని, ఫలానా అధికారం, ఫలానా బాధ్యత అని రాసుకోవడం. అయిదు లక్షల చదరపు మైళ్ళ సముద్రాన్ని మొత్తంగా మూయాలా తెరవాలా అని కొట్టుకునే బదులు, సమోవా పడవలకు ఏ నీళ్ళు, ఏ నెలలు, ఎంత పట్టు అని వాళ్ళనూ హవాయివాళ్ళనూ కూర్చోబెట్టి రాయించవచ్చు కదా. ఇంతవరకూ ఎవరూ వాళ్ళిద్దరినీ ఒక బల్ల దగ్గర పెట్టి, మీరు తేల్చింది మేం అమలు చేస్తాం అనలేదు.

కొండదారి:

మీరు తేల్చింది మేం అమలు చేస్తాం. రేవుగాలి గారూ, మొదటి పోస్టులో నేను చెప్పలేకపోయిన మాట అదే. బేర్స్ ఇయర్స్ ప్రకటనలో ఆ ఒక్క వాక్యం లేదు.

సూటిమాట గారూ, మీరు మాట వెనక్కి తీసుకున్న తీరుకు గౌరవం. పౌరులందరి ఆస్తి అన్నదాన్ని నేనూ వదలడం లేదు. 2025 జూన్‌లో సెనేట్‌లో ప్రభుత్వ భూముల అమ్మకం ప్రతిపాదన వచ్చినప్పుడు వేటగాళ్ళు, ట్రెకింగ్‌కు వెళ్ళేవాళ్ళు, పర్యావరణవాదులు కలిసి అడ్డుకుంటే వెనక్కి తీసుకున్నారు. తెగలకు నిర్ణయ హక్కు చట్టంలో ఉన్న చోట అమ్మడం ఇంకా కష్టమవుతుంది. ఆ భూమి మీకూ నాకూ మిగలాలన్నా అదే మంచిది.

సూటిమాట:

అమ్మకానికి నేనూ వ్యతిరేకినే. చట్టం, అదీ కాంగ్రెస్ చేసిన చట్టం, అందులో కౌంటీకి కూడా ఒక కుర్చీ. అలా అయితే బేర్స్ ఇయర్స్‌కు నేను సరేనంటాను. సముద్రం విషయంలో ఇంకా ఒప్పుకోలేదు. దాని మీద వేరే చర్చ పెట్టండి, వస్తాను.