‘ఆఫల్’ను ‘వ్యర్థ మాంసం’ అనవచ్చా?

ప్రశ్న: ప్రపంచ వంటకాల మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. ‘ఆఫల్’ (పశువు పొట్ట, పేగులు, కార్జం, తోక లాంటి భాగాలు) అన్న చోటల్లా ‘వ్యర్థ మాంసం’ అని పెట్టుకుంటూ పోతున్నాను. సరిపోతుందా? ఇంకేదైనా మంచి మాట ఉందా?

జవాబు: వద్దండీ, ఆ మాట తీసేయండి. ఇంగ్లీషులో ఆ అర్థం లేకపోలేదు. పశువును కోసేటప్పుడు కింద రాలిపడేది అనే ఉద్దేశంతో ‘ఆఫ్’, ‘ఫాల్’ కలిసి ఆఫల్ అయింది. దానికి చుట్టమైన జర్మన్ ‘అబ్‌ఫాల్’కు ఇప్పుడు చెత్త అనే అర్థం. కానీ వీటిని ఇష్టంగా వండుకునేవాళ్లు అలా అనుకోరు. మీ వ్యాసం వాళ్ల గురించే కాబట్టి వాళ్ల చూపే తెలుగులోకి రావాలి.

రోమ్‌లో దీన్ని ‘క్వింతో క్వార్తో’ అంటారు, అంటే ఐదో పావు. పశువును నాలుగు పావులుగా విడగొడితే, ఆ మాంసం డబ్బున్నవాళ్ల ఇళ్లకు పోయేది. మిగిలిన పొట్ట, పేగులు, తోక, గుండె, కార్జం అన్నీ కలిపి ఐదో పావు. లెక్కల్లో అలాంటి పావు ఉండదు, కానీ పేదవాళ్ల వంటింట్లో ఉంది. టెస్టాచియో పేటలో 1975 దాకా పెద్ద కబేళా నడిచింది. అక్కడి పనివాళ్లకు కూలిలో కొంత ఈ భాగాల రూపంలోనే ముట్టేది. ఎద్దు తోకను టమాటా, సెలెరీతో గంటల తరబడి ఉడికించే ‘కోడా అల్లా వచ్చినారా’ ఆ పేట వంటే. ఈ కోవ మాటల్లో నాకు అన్నిటికంటే గౌరవంగా అనిపించేది ఈ ‘ఐదో పావు’.

చైనాలో చెంగ్దూ నగరానిది ఇంకా ముచ్చటైన కథ. అక్కడ 1930ల్లో ఒక జంట అమ్మిన వంటకానికి ‘ఆలుమగల ఊపిరితిత్తుల ముక్కలు’ అని పేరు. మొదట్లో జనం వాటిని ‘పనికిరాని ముక్కలు’ అనేవారట. చైనీస్‌లో ‘పనికిరాని’ అన్నా ‘ఊపిరితిత్తి’ అన్నా పలకడం ఒక్కటే, ‘ఫేయ్’. అందుకని పలుకు అలాగే ఉంచి, రాసే అక్షరం మాత్రం మార్చారని చెబుతారు. నిజానికి ఇప్పుడు ఆ ప్లేటులో ఊపిరితిత్తి సాధారణంగా ఉండదు. పొట్ట, నాలుక, గుండె, మాంసం పల్చగా కోసి మిరప నూనె పోసి చల్లగా పెడతారు. వాళ్లు శ్రద్ధగా తుడిచేసిన మాటను మనం తెలుగులో మళ్లీ తగిలించడం అన్యాయం. పోర్చుగల్‌లో పోర్తో నగరవాసులైతే తమను ‘త్రిపేయిరూలు’, అంటే పేగుపొట్టలు తినేవాళ్లు, అని గర్వంగా చెప్పుకుంటారు.

ఇంకో కారణం కూడా ఉంది, అది వంటకు సంబంధించింది. కార్జం పెనం మీద కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, ఎక్కువసేపు ఉంచితే గట్టిపడుతుంది. పొట్ట అలా కాదు. అందులోని కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ మెల్లగా కరిగి జెలటిన్‌గా మారాలి. అందుకే ఫ్రాన్స్‌లో నార్మండీలోని కాన్ నగరం వాళ్లు పొట్టను పశువు కాళ్లతో కలిపి, సైడర్ (పులియబెట్టిన ఆపిల్ రసం) పోసి, మూత బిగించి గంటలకొద్దీ ఉడికిస్తారు. రెంటినీ ఒకే మాట కింద తోస్తే చదివి వండేవాళ్లకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

అసలు పొట్ట అన్నా చాలదు. నెమరువేసే జంతువుకు పొట్టలో నాలుగు అరలు. రెండోది తేనెపట్టులా ఉంటుంది. మూడోది పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి స్పానిష్‌లో ‘చిన్న పుస్తకం’, చైనీస్‌లో ‘వంద ఆకులు’. ఫ్లోరెన్స్ వీధుల్లో రొట్టెలో పెట్టి అమ్మే ‘లాంప్రెదోత్తో’ నాలుగోది. దాని ముడతలు లాంప్రే అనే చేపను గుర్తుకు తెస్తాయని ఆ పేరు. వ్యాసంలో ఏ అర అని చెప్పి ఉంటే మీరూ చెప్పండి.

కాబట్టి నా సలహా, వీలైన ప్రతిచోటా భాగం పేరే రాయండి: బోటీ, పేగులు, కార్జం, గుండెకాయ, నాలుక. అన్నిటికీ కలిపి ఒక మాట తప్పనిసరైతే ‘లోపలి భాగాలు’ అనండి. తోక, కాళ్లు, తల కూడా ఆ లెక్కలో ఉంటే వాటిని విడిగా చేర్చండి. ఒక్క జాగ్రత్త: హిందీలో ‘బోటీ’ అంటే మాంసం ముక్క మాత్రమే. అక్కడి ‘బోటీ కబాబ్’లో మన బోటీ ఉండదు.

మళ్లీ ప్రశ్న: చాలా థాంక్స్ అండీ. ‘స్వీట్‌బ్రెడ్’ని ఏం చేయమంటారు? తీపి రొట్టె అని రాసేశాను!

జవాబు: వెంటనే మార్చండి. అందులో తీపీ లేదు, రొట్టే లేదు. అది దూడ లేదా గొర్రెపిల్ల మెడ, రొమ్ము దగ్గర ఉండే థైమస్ గ్రంథి, కొన్నిచోట్ల క్లోమం. పశువు ఎదిగేకొద్దీ థైమస్ కుంచించుకుపోతుంది. అందుకే ‘దూడ’, ‘గొర్రెపిల్ల’ అన్న మాటలు మాత్రం వదిలేయకండి.